అప్పడముల వెబ్‌సైటు – దాని ఆయవ్యయములు

ఇంటిపట్టున నుండియే నాలుగు రూపాయలు సంపాదింపవలెనను కోరిక నేడు మన స్త్రీలలో ననేకులకు గలదు. ఒకరు పచ్చళ్లు పెట్టుచున్నారు. ఒకరు రవికెలు కుట్టుచున్నారు. మఱియొకరు సున్నియుండలును జంతికలును చేసి పెండ్లిండ్లకు పంపుచున్నారు. వస్తువు చేయుట మనకు పుట్టింట నేర్చిన విద్యయే. దానిని పదిమందికి తెలియజేయుట యెట్లని విచారింపగనే, "వెబ్‌సైటు పెట్టరాదా?" యని యెవరో యొకరు సలహా చెప్పుదురు. పెట్టుటకెంత యగునో, పెట్టిన పిమ్మట ఏటేట నెంత యగునో మాత్రము చెప్పరు. మేము నా మాట విని, ముందుగా లెక్క చూచుకొనక, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొంటిమి. మా కథ విన్నచో మీ చేతులైనను చల్లగా నుండునను తలంపుతో నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది కృష్ణా జిల్లాలో నొక గ్రామము. మావారు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుదురు. మేము చిన్ననాట జబ్బుపడి బడికి పోజాలక, తాతగారి యొద్దనే భారత భాగవతములు చదువుకొంటిమి. కూడికలు, తీసివేతలు వారు నేర్పిరి గాని వర్తకపు లెక్కలు నేర్పలేదు; మేమును అడుగలేదు.

2019వ సంవత్సరపు వేసవిలో మా వీధి స్త్రీలము నలుగురము కలసి అప్పడములు చేయ నారంభించితిమి. మేము, మా తోడికోడలు, ప్రక్కయింటి వదినగారు, ఎదురింటి పిన్నిగారు – ఇదియే మా సంఘము. పిన్నిగారు మాలో పెద్దవారు. భర్త గతించి చాలకాలమైనది. తల్లిలేని మనుమరాలిని పెంచి చదివించుచున్నారు. పిండి యదను కనిపెట్టుటలో వారిని మించినవారు మా యూర లేరు. మినపపిండిలో ఉప్పు, సోడా, జీలకఱ్ఱ, ఇంగువ చేర్చి గట్టిగా కలిపి, నూనె అద్దుచు రోకటితో దంచుచుండగా, వారు వ్రేలితో నొకసారి నొక్కి చూచి "చాలు" అందురు. ఆ మాట కొఱకు మేము ముగ్గురము రోకళ్లు పట్టుకొని యెదురు చూచుచుందుము.

నూఱప్పడముల కట్ట యొకటి 220 రూపాయల కమ్ముదుము. అందు పప్పు, నూనె, ఇంగువ మొదలగు సరకులకు 110 రూపాయలు. సంచికిని చీటికిని 10. మా నలుగురి కూలికి 60. ఇవి పోగా కట్టకు 40 రూపాయలు సంఘమునకు మిగులును. ఏటికి సుమారు వేయి కట్టలు చేయుదుము గనుక మిగులు 40 వేలు. కట్టకు నలువది రూపాయలను నీ సంఖ్యను పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొనవలయును. మేము మఱచినది దీనినే.

2022వ సంవత్సరపు సంక్రాంతికి హైదరాబాదు నుండి బంధువుల పిల్లవాడొకడు వచ్చి మా అప్పడములు తిని, "1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు చేసి లిజ్జత్ అప్పడాలు మొదలుపెట్టారు. ఈవేళ దేశమంతా తింటున్నారు. మీరు నలుగురూ ఈ వీధి దాటరా?" అని యడిగెను. ఆ మాట మా మనస్సున నాటుకొనెను. ఆ యేడుగురును తొలినాడు చేసినవి నాలుగు కట్టలే యనియు, చేసినదానికి తగినంత మాత్రమే వారు మెల్లగా విస్తరించిరనియు నప్పుడు మాకు స్ఫురింపలేదు. పేరు మాత్రమే వినబడినది.

అప్పుడు సంఘము పెట్టెలో 52 వేల రూపాయలుండెను. అందు 20 వేలు పూర్వపు మిగులు. తక్కిన 32 వేలు, ఆ వేసవికి మిల్లునుండి మినపపప్పు ఒక్కసారిగా కొనుటకై మేము తలకు 8 వేల చొప్పున వేసికొన్నది. పిన్నిగారి 8 వేలు మనుమరాలి కాలేజీ జీతమునకై దాచినవి. "జూను నెలలోగా మీ సొమ్ము మీకిత్తుము" అని వారికి మాట యిచ్చినది మేమే.

పట్టణమున వెబ్‌సైట్లు చేయు నొకాయనను పిలిపించితిమి. ఆయన తన కంప్యూటరుపై బొమ్మలు కదలు పుటలను, బంగారు వన్నె అక్షరములను చూపి, "అన్నీ కలిపి 45 వేలు" అనెను. పెట్టెలో నంత సొమ్మున్నది గదా యని మేము తల యూచితిమి. పట్టీ వ్రాసి తెచ్చిన నాడు చూడగా, ఆ 45 వేలపై నూటికి 18 చొప్పున జీఎస్టీ 8,100 చేరి 53,100 అయినది. పెట్టెలో నున్నదానికంటె 1,100 ఎక్కువ! అప్పటికైనను లేచి రావలసినది. సిగ్గుచేత రాలేక, బేరమాడి, కదలు బొమ్మలు తీసివేయించి 30 వేలకు ఒప్పించితిమి. పన్ను 5,400తో కలిసి 35,400 చెల్లించితిమి. పదునెనిమిది వేలు మిగిల్చితిమని సంతోషించి యింటికి వచ్చితిమి. ఖర్చు చేయనవసరము లేని సొమ్ములో కొంత తగ్గించి ఖర్చుచేసి, తగ్గినదానిని లాభమని తలంచుట ఆడువారికిని మగవారికిని సమానమైన భ్రాంతియే.

ఈ పన్ను విషయమున నొకటి చెప్పవలసియున్నది. అప్పడములపై జీఎస్టీ లేదు. వినుటకిది మేలుగనే యుండును. కాని పన్ను వసూలుచేసి కట్టు వర్తకులు తాము కొన్నవానిపై నిచ్చిన పన్నును తమ పద్దులో తగ్గించుకొనగలరు. మావంటి వారికా వీలు లేదు. కావున నూటికి 18 రూపాయలు మాకు నికరమైన ఖర్చే. ఎవరు ధర చెప్పినను "పన్నుతో కలిపియా, విడిగానా?" యని మొట్టమొదట నడుగవలయును.

పెట్టెలో 16,600 మిగిలినవి. మిల్లులో ఒక్కమాఱు కొనవలసిన పప్పు, చిల్లర కొట్టున నెక్కువ ధరకు కొంచెము కొంచెముగా కొనవలసివచ్చెను. ఆ వేసవిలో మంచి యెండలు వ్యర్థముగా పోయినవి. వేయి కట్టలకు బదులు 600 కట్టలే చేయగలిగితిమి. కట్టకు 40 మిగులవలసినచోట 25 మిగిలెను. మొత్తము 15 వేలు.

వెబ్‌సైటు మాత్రము వచ్చినది. అందు మొదటి పుటలో నెవరో విదేశపు స్త్రీ చిఱునవ్వుతో అప్పడము పట్టుకొని యుండెను. ఆమె పట్టుకొన్న అప్పడము మాది కాదు. అక్షరములన్నియు ఇంగ్లీషులో నుండుటచే పిన్నిగారికిని వదినగారికిని తమ యంగడిలో నేమి వ్రాసియున్నదో తెలియలేదు. పుట తెఱచుకొనుటకు మా యూరి ఫోనులలో చాలసేపు పట్టుచుండెను. పప్పు ధర పెరిగి కట్ట వెల 10 రూపాయలు మార్పవలసివచ్చినప్పుడు, తాళపుచెవి యనదగిన పాస్‌వర్డు ఆయన యొద్దనే యుండుటచే, ఒక్క అంకె మార్చుటకు 500 అడిగెను. అనగా పండ్రెండున్నర కట్టల మిగులు ఒక్క అంకెకు! ఆ యేడాదిలో వెబ్‌సైటు ద్వారా వచ్చిన గిరాకీలు 19. అందు ఎనిమిది మా బంధువులవే. వారు పూర్వము ఫోనులో చెప్పుచుండినవారు.

జూను నెల వచ్చినది. పిన్నిగారి మనుమరాలికి విజయవాడలో కంప్యూటరు డిగ్రీలో సీటు దొరికెను. ఒకనాటి సాయంకాలము పిన్నిగారు మా గడపలో నిలిచి, లోపలికి రాకయే, "అమ్మాయీ, నా ఎనిమిది వేలూ ఈ వారంలో వీలవుతుందా?" అని యడిగిరి. పెట్టెలో 2,300 ఉండెను. మేమేమియు చెప్పలేక నిలుచుంటిమి. మా ముఖము చూచి వారే, "పోనీలే, నేను చూసుకుంటాను" అని వెళ్లిరి. మఱునాడు పిండి దంచుటకు వచ్చినప్పుడు వారి చెవులకు కమ్మలు లేవు. ఎవరును అడుగలేదు. వారును చెప్పలేదు. ఆనాడు పిండిని వారు వ్రేలితో నొక్కి "చాలు" అన్నప్పుడు మాకు తల యెత్తి చూచుటకు ముఖము చెల్లలేదు.

కథ అంతటితో ముగియలేదు. 2023 ఫిబ్రవరిలో ఆ పట్టణపాయన యొద్దనుండి మఱియొక పట్టీ వచ్చెను. పేరునకును చోటునకును గడువు తీరినదట. మఱుసటి యేటికి 8 వేలు, పన్ను 1,440, వెరసి 9,440. "కొన్నదానికి మరల సొమ్మేమి?" అని మేము తెల్లబోతిమి. విచారింపగా, వెబ్‌సైటు పేరు కొనబడినది కాదనియు ఏటి కౌలునకు తీసికొనబడినదనియు, ఆ కౌలైనను మా పేర లేదనియు, ఆయన పేరనే వ్రాయబడియున్నదనియు తెలిసినది. సొమ్ము కట్టనిదే పేరు మాకు మార్చుటను గూర్చి మాటాడననెను. మేము కట్టలేదు. పేరు పోయెను. ఆ పేరుతో నచ్చు వేయించిన చీటీలు 1,500 మిగిలియుండగా, పేరు కనబడకుండ వానిపై కాగితపు ముక్కలంటించుచు నాలుగు రాత్రులు కూర్చుంటిమి.

ఆయనను మోసగాడనుటకు మాకు నోరు రాదు. మేమడిగినవానికి ఆయన జవాబు చెప్పెను. ఏటేట నెంత, పేరెవరిది, తాళపుచెవి యెవరియొద్ద – ఈ మూడును మేమడుగనేలేదు. అడిగి కాగితముపై వ్రాయించుకొనలేదు.

ఆ రోజులలో నొకరాత్రి మావారు మఱునాటి పాఠమునకై సభాపర్వము తిరుగవేయుచు, నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలు మాకు చదివి వినిపించిరి. నీ కరణములు ప్రతిదినము పూర్వాహ్ణమున రాబడి ఖర్చులు వ్రాయుచున్నారా? నీ వ్యయము ఆదాయములో సగముతోనో, పాతికతోనో, ముప్పాతికతోనో సరిపోవుచున్నదా? అని ముని యడిగెనట. "ఈ ప్రశ్న మీ సంఘమునకును చెల్లును" అని మావారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. అరణ్యపర్వమున సత్యభామకు ద్రౌపది చెప్పిన మాటలు జ్ఞప్తికి వచ్చినవి. భర్తలు నీకింత యనుకూలురై యుండుటకు మందేమని సత్య యడిగినప్పుడు, ద్రౌపది తన నడవడి నంతయు చెప్పుచు, పాండవుల రాబడిని ఖర్చును తానొక్కతెయే యెఱిగియుంటినని కూడ చెప్పును. ఆ ఘట్టమును మేము పదవయేటనే తాతగారి యెదుట చదివితిమి. అందలి పతిభక్తిని వారు వివరించిరి. మేము విని తల యూచితిమి. లెక్కను గూర్చిన మాటను మాత్రము ఇరువురమును దాటిపోతిమి. మూడు పదులు దాటిన వయస్సున, 35,400 రూపాయలు పోయిన పిమ్మట, ఆ మాట మాకర్థమైనది.

మఱునాడే ఒక కొత్త పుస్తకము కొని, నడుమ గీత గీచి, ప్రతి యుదయము పిండి తడుపుటకు ముందు రాబడి ఖర్చులు వ్రాయసాగితిమి. 2023 వేసవిలో వెబ్‌సైటు మాట యెత్తక పప్పు మిల్లులోనే కొంటిమి. మరల వేయి కట్టలు చేసితిమి. 2024 సంక్రాంతికి ముందు పిన్నిగారి 8 వేలును, తాకట్టు వడ్డీయును సంఘమే చెల్లించినది. పండుగనాడు కమ్మలు పెట్టుకొని వచ్చి, "బరువుగా ఉన్నాయే, అలవాటు తప్పింది" అని వారు చెవి తడవి చూచుకొనిరి.

అప్పడములు మాత్రము వీధి దాటవలసియే యున్నది. ఈసారి తెలిసికొని ఖర్చు చేయుదమని, ఎవరియొద్దకును పోకముందే వెబ్‌సైటనగా నేమో, అందెన్ని పద్దులున్నవో విచారించితిమి.

ఈ వెబ్ అను విధానమును జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ కల్పించెను. 1993 ఏప్రిలు 30వ తేదీన ఆ సంస్థ దానిని రుసుము లేక యెవరైనను వాడుకొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టినది. అనగా బాట ఉచితము. మనము సొమ్మిచ్చునది బాట ప్రక్కన అంగడికే. ఆ యంగడి ఖర్చు నాలుగు భాగములు.

మొదటిది పేరు. దీనిని డొమైను అందురు. మన దేశమునకు చెందిన ".ఇన్" పేర్లను నిక్సి అను సంస్థ పర్యవేక్షించును, తెలుగు లిపిలో ".భారత్" అని ముగియు పేర్లును గలవు. ఏ పేరైనను కౌలే గాని శాశ్వతపు కొనుగోలు కాదు. ఒక్కొక్క యేటికి గాని, ఒకేసారి పదేండ్లవరకు గాని తీసికొనవచ్చును. మొదటి యేట తక్కువ ధర చూపి, రెండవ యేటి నుండి హెచ్చించుట ఈ వర్తకమున మామూలు. కాబట్టి మొదటి యేటి ధర గాక రెండవ యేటి ధరను లెక్కలో వ్రాసికొనవలయును. పేరు మన పేరనే, మన ఈమెయిలుతోనే నమోదు కావలయును. పొలము దస్తావేజు పాలేరు పేర వ్రాయింతుమా?

రెండవది చోటు. మన పుటలు, బొమ్మలు ఉంచు కంప్యూటరులో స్థలమునకిచ్చు అద్దె యిది, హోస్టింగు అందురు. అయిదారు పుటలు, పది బొమ్మలు గల అంగడికి మేడ యక్కఱలేదు, అరుగు చాలును. దీనితోపాటు, కొనువారు పంపు వివరములను దారిలో నితరులు చదువకుండ కాపాడు తాళమువంటి ధ్రువపత్ర మొకటి కావలయును. 2015 నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మసంస్థ దీనిని ఉచితముగ నిచ్చుచున్నది. చోటు అద్దెకిచ్చువారిలో ననేకులు దానిని తామే అమర్చియిత్తురు. మా తొలి పట్టీలో నీ తాళమునకే 2,500 వేయబడియుండెను.

మూడవది కూలి. పుటలు కూర్చువారికిచ్చునది. దీనియందే ఎక్కువ తక్కువలు మిక్కుటము. మనమేమి కోరుచున్నామో మనకు తెలియనప్పుడు కూలి పెరుగును. వంటమనిషిని పిలిచి "ఏదో ఒకటి చేయండి" అన్న యింట సరకు ఎక్కువ పోవును గదా!

నాలుగవది గ్రాసము. ఆవును కొనువారు ఆవు వెలను మాత్రమే చూచుకొన్నచో పాడి నిలువదు. గడ్డికి, చిట్టుకు, పశువైద్యునికి ఏటేట నెంత యగునో చూచుకొనవలయును. నగ యట్లు కాదు. కొని పెట్టెలో పెట్టిన నుండును. మేము వెబ్‌సైటును నగయనుకొంటిమి, అది ఆవు. పేరు కౌలు, చోటు అద్దె, ధరలు మార్చుట, బొమ్మలు మార్చుట – ఇవి ఆగవు. గ్రాసము పెట్టలేనివారు ఆవును తోలుకొని రాకుండుటయే పుణ్యము.

ఇక సొమ్ము పుచ్చుకొను విధము. కొనువారు పుటమీదనే సొమ్ము కట్టు ఏర్పాటు చేయువారు సామాన్యముగా నూటికి 2 రూపాయలును, దానిపై 18 వంతుల పన్నును తీసికొందురు. 220 రూపాయల కట్టపై నది 5 రూపాయల 19 పైసలు. చూచుటకు స్వల్పము. కాని మిగులు 40 రూపాయలలో నెనిమిదవ పాలుకంటె నెక్కువ! 2020 జనవరి నుండి యూపీఐ చెల్లింపులపై బ్యాంకులు వర్తకులయొద్ద రుసుము తీసికొనరాదని ప్రభుత్వము నిర్ణయించినది. కావున మా పుటలో బండి, బుట్ట మొదలగు నేర్పాట్లు పెట్టక, వెల, వాట్సాప్ సంఖ్య మాత్రము వ్రాసి, సొమ్ము యూపీఐ ద్వారా నేరుగా పుచ్చుకొందమని నిశ్చయించితిమి. దినమునకు నూఱు గిరాకీలు వచ్చునాడు బుట్ట సంగతి చూచుకొనవచ్చును.

ఇవన్నియు తెలిసిన పిమ్మట మేము మొదట నిర్ణయించినది ధర కాదు, హద్దు. ఏటి మిగులు 40 వేలలో పదియవ పాలు, అనగా 4 వేలు వెబ్‌సైటు గ్రాసమునకు. కూలి నిమిత్తము మొదటి యేట మాత్రము మఱి 2,500. దీనిని దాటరాదు. పప్పు సొమ్మును తాకరాదు. నారదుడు సగము, పాతిక యని రాజ్యమును గూర్చి యడిగెను. అప్పడములకు పదియవ పాలు చాలునని మాకు తోచినది.

ఆ పిమ్మట నొక ప్రశ్న వేసికొంటిమి. ఎన్ని కట్టలు ఎక్కువ అమ్మిన నీ ఖర్చు తిరిగి వచ్చును? 4 వేలను 40చే భాగింపగా నూఱు కట్టలు. నూఱు కట్టలు క్రొత్తవారికి అమ్ముట సాధ్యమేనని తోచెను. ఇదే ప్రశ్నను 2022లో వేసికొని యుండినచో, 35,400ను 40చే భాగింప 885 కట్టలని వచ్చియుండును. మేము ఏడాది పొడుగునను చేయు అప్పడములు వేయి కట్టలు! బడిపిల్లవాడు చేయగల భాగహారమది. పంతులుగారి యింట దానిని చేయువారు లేకపోయిరి.

2024 వేసవి సెలవులకు పిన్నిగారి మనుమరాలు వచ్చినది. అప్పటికామె డిగ్రీ రెండవ యేడు ముగించెను. "నేను చేసిపెడతాను పెద్దమ్మా" అని తానే ముందుకు వచ్చినది. కూలి వలదనెను. మేమొప్పుకొనలేదు. మన యింటి పిల్లయే యని ఉచితముగా చేయించుకొన్న పని లెక్కలో కనబడదు. కనబడని ఖర్చును మఱచిపోవుదుము. మఱునాడు మఱియొకరిచే చేయించుకొనవలసినప్పుడు తెల్లబోవుదుము. ఆమెకు 3 వేలు పుస్తకములో వ్రాసియే యిచ్చితిమి. పేరునకు 800, చోటునకు 2,000, రెంటిపై పన్ను 504, వెరసి 3,304. కూలితో 6,304. మేము గీచుకొన్న 6,500 హద్దులోననే పని ముగిసెను.

విదేశపు స్త్రీ ఈసారి లేదు. ఉదయపుటెండలో వదినగారు పీటపై అప్పడము నొత్తుచుండగా ఫోనుతో తీసిన బొమ్మ మొదటి పుటలో నున్నది. ముఖము లేదు, చేతులును కఱ్ఱయును మాత్రమే. మాటలు పైన తెలుగున, క్రింద ఇంగ్లీషున గలవు. ఆహార వస్తువులమ్ము చిన్నవారైనను 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి నమోదు చేయించుకొనవలయును. ఆ పదునాలుగంకెల సంఖ్యను కట్టమీదను పుటమీదను వేసితిమి. పాస్‌వర్డును రెండు కాగితములపై వ్రాసి, ఒకటి మా పెట్టెలో, ఒకటి తోడికోడలి బీరువాలో నుంచితిమి. వెల మార్చుట మా తోడికోడలు అరగంటలో నేర్చుకొన్నది. ఇప్పుడు ఒక్క అంకెకు 500 అడుగువారు లేరు.

పని నడుచుచుండగా మనుమరాలు ఉత్సాహమున నింకొక పుట చేర్చుదమనియు, పూలు రాలునట్లు పెట్టుదమనియు అనుచుండెను. పిన్నిగారు ప్రక్కన కూర్చుండి ఫోనులో తమ పేరును తెలుగున చదువుకొని, ఒక్క క్షణమాగి, "చాలు" అనిరి. పిండి విషయమున వారి మాట కెదురు లేదు. ఇచ్చటను లేకపోయెను.

2024 మే నుండి ఏడాదిలో ఆ పుటను చూచి క్రొత్తవారు కొన్నవి 230 కట్టలు. మిగులు 9,200, ఖర్చు 6,304 పోగా 2,896. ఇది గొప్ప సంపాదన యని చెప్పము. పోయిన 35 వేలు దీనివలన తిరిగి రాలేదు, రావుకూడ. కాని ఈ యావు తన గ్రాసమును తాను సంపాదించుకొని, గ్లాసెడు పాలిచ్చుచున్నది.

సోదరీమణులారా! మీలో నెవరైనను చిన్న వ్యాపారమునకు వెబ్‌సైటు పెట్టదలచినచో, సొమ్ము చేతికీయకమునుపు నీ యేడింటికి కాగితముపై జవాబు తీసికొనుడు.

1. చెప్పిన ధర పన్నుతో కలిపియా, విడిగానా?
2. రెండవ యేట, మూడవ యేట నెంత కట్టవలెను?
3. పేరు ఎవరి పేర నమోదగును?
4. పాస్‌వర్డులన్నియు మన చేతికి వచ్చునా?
5. వెల, బొమ్మ మార్చుట మనకు నేర్పుదురా, ప్రతిసారియు సొమ్మడుగుదురా?
6. ఒకవేళ విడిపోదుమేని, పుటలను మఱియొకచోటికి తీసికొనిపోవుటకు వీలున్నదా?
7. మన వస్తువుపై నొక్కొక్కదానికి మిగులెంత? ఆ లెక్కన నీ ఖర్చునకు ఎన్ని అమ్మవలెను?

చివరిదానికి జవాబు ఎదుటివారు చెప్పజాలరు. అది మన పుస్తకములోనే యుండవలయును. లేకున్నచో ఆ నాడు వెబ్‌సైటు మాట మాని, పుస్తకము కొనుటయే మంచి ముహూర్తము. ముప్పది రూపాయలతో వచ్చును. ఏటి కౌలు లేదు.

ఇట్లు,
ఒక పంతులుగారి యిల్లాలు